కదిలే చుక్కలు, కదలని చుక్కలు

జూన్ 4

నేను కళ్ళు తిప్పుతున్నానట. అమ్మ మాట్లాడుతుంటే గుడ్లు పైకీ కిందికీ ఆడించి వెటకారం చేస్తున్నానట. పిన్నిని పిలిచి, ఆవిడ ముందు చెప్పుకుని మరీ ఏడ్చింది. డిగ్రీ చేతికొచ్చిందో లేదో దీనికి కళ్ళు నెత్తికెక్కాయే అంది. పిన్ని నన్ను ఎగాదిగా చూసి, ఉద్యోగం ఇప్పించి, ఉండడానికి చోటిచ్చిన వాళ్ళింట్లోనే ఈ పొగరైతే ఎలాగక్కా అంది.

నేను తిప్పింది నిజమే. అమ్మని చూసి కాదు. అమ్మ చెంప మీద దారం ముక్కలాంటిది ఒకటి ఈదుతోంది. దాన్ని పక్కకి తప్పించాలంటే చూపు ఒకసారి పైకెత్తి టక్కున దించాలి. వారంగా ఇదే పని. ఆ మాటే చెప్పాను. అమ్మ చెంప తడుముకుంది. అద్దంలో కూడా చూసుకుంది. దారం లేదు. ఇంక అబద్ధాలు కూడానా అంది.

జూన్ 6

కంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. అమ్మ కాపలాకి వచ్చింది. కంట్లో చుక్కలు వేసి, కూర్చోబెట్టి, కళ్ళలోకి లైటు కొట్టి చాలాసేపు చూసింది డాక్టరమ్మ. ఫ్లోటర్స్ అంది. కంటి లోపల జెల్లీలాంటిది ఉంటుంది, అందులో సన్నటి పోగులు తేలుతుంటాయి, నువ్వు చూసేది పోగుల్ని కాదు, కంటి వెనక పడే వాటి నీడల్ని అంది. నాలా మైనస్ పవర్ ఎక్కువున్నవాళ్ళకి వయసు రాకముందే వస్తాయట. మందు లేదు. పోతాయా అంటే పోవు, నువ్వే వాటిని పట్టించుకోవడం మానేస్తావు అంది. మెరుపులు కనిపించినా, ఉన్నట్టుండి నల్ల చుక్కలు వాన కురిసినట్టు కురిసినా, ఒక పక్కనుంచి తెర దించినట్టయినా మాత్రం ఆ రోజే పరిగెత్తుకు రమ్మంది.

బయటికొచ్చాక అమ్మ తేల్చేసింది. మందు రాయలేదంటే రోగం లేదన్నమాటేగా.

జూన్ 9

నా ఉద్యోగం గురించి ఇందులో ఎప్పుడూ రాయలేదు. తెల్ల టైల్స్ చూడటం. అంతే. కొలిమిలో కాలి, చల్లారి, బెల్ట్ మీద ఒకదాని వెనక ఒకటి వస్తాయి. నెత్తిమీద ట్యూబ్‌లైట్ల వరస. చేతిలో రంగు క్రేయాన్. చిన్న లోపముంటే గీత, పెద్దదైతే ఇంటూ, ఏమీ లేకపోతే చెయ్యి ఎత్తకూడదు. ముందున్న మెషిన్ నా గీతలు చూసి ఫస్ట్, సెకండ్, రిజెక్ట్ అని వేరు చేస్తుంది. కెమిస్ట్రీ చదివావుగా, ల్యాబ్‌లో వేయిస్తాను, ముందు లైన్ మీద కూర్చో అన్నాడు బాబాయి. షిఫ్ట్ ఇన్‌ఛార్జ్ ఆయనే. గేటు లోపల సార్, గేటు బయట బాబాయి.

ఫ్లోటర్స్ ఉన్నవాళ్ళు కూర్చోకూడని కుర్చీ ఈ లోకంలో ఒకటుందంటే అది నాదే. తెలుపు మీదే అవి ముద్దుగా, విడివిడిగా, తీరిగ్గా కనిపిస్తాయి.

ఇవాళ టీ టైమ్‌లో బాబాయి నా రిజెక్ట్ దొంతర మోయించుకొచ్చి అందరి ముందు పెట్టాడు. ఒక టైల్ తీసి, ఇందులో ఏముందమ్మాయ్, వేలు పెట్టి చూపించు అన్నాడు. వేలు పెట్టాను. చుక్క నా వేలి మీదికి ఎక్కింది. వేలు పక్కకి జరిపాను. అదీ జరిగింది. నేను టైల్ మీద ఈగని తోలుతున్నట్టుంది చూసేవాళ్ళకి. సార్, అవి నా కంట్లోవి అన్నాను, అంతకన్నా తెలివైన మాట దొరక్క. కంట్లో ఈగలా అన్నాడు. లైనంతా ఘొల్లుమంది. ప్యాకింగ్ అక్క కూడా. రోజూ నా పక్కన కూర్చుని తినే మనిషి.

నవ్విన ప్రతి మొహం గుర్తుంది. ఆ పనికి నా కళ్ళు బాగానే పనికొచ్చాయి.

జూన్ 10

నా పేరిప్పుడు ఈగలమ్మ.

జూన్ 11

ఇంటిదాకా వచ్చింది పేరు. పిన్ని టీ గ్లాసు అందిస్తూ, ఈగ పడిందేమో చూసుకుని తాగవే అంది. అమ్మ నవ్వలేదు. వద్దనీ అనలేదు.

జూన్ 19

ఏడవడం వల్ల చుక్కలు పోవని తేలింది. తుడుచుకుంటే కూడా పోవు. ఇంక వాటితో కాపురం ఎలా చేయాలో చూస్తున్నాను.

కిటికీకి వీపు పెట్టి కూర్చుంటున్నాను. ఫోన్‌లో తెర నలుపు, అక్షరాలు తెలుపు. వీధిలోకి వెళ్తే గోధుమరంగు కళ్ళద్దాలు, పైన టోపీ. మంచానికెదురుగా ఉన్న గోడకి పాత నీలం దుప్పటి మేకులు కొట్టి వేలాడదీశాను. ఇల్లా, దొంగల గుహా అంది అమ్మ. గుహలో కళ్ళు హాయిగా ఉన్నాయి.

వాటికి పేర్లు కూడా పెట్టాను. ఎడమ కంట్లో దారం, దాని తోక పట్టుకుని తిరిగే కప్పగుడ్డు. కుడి కంట్లో వేలిముద్ర, ఎవరో అద్దం మీద వేలు నొక్కినట్టు మసగ్గా. దారానికి సిగ్గెక్కువ, తిన్నగా చూస్తే పారిపోతుంది. వేలిముద్రకి సిగ్గూ శరం లేదు. వెతికితే అన్నీ వస్తాయి. వేరే దేన్నైనా గట్టిగా పట్టుకుని చూస్తుంటే అలిగి అంచులకి పోతాయి. డాక్టరమ్మ చెప్పింది ఇదేననుకుంటా. చెప్పినంత సులువేం కాదు. పొద్దున్న లేవగానే పైకప్పు చూస్తే ముగ్గురూ హాజరు.

ఇక లైన్ మీద. దీనికి చాలా రోజులు పట్టింది, ఎవరూ నేర్పలేదు. టైల్ మీద చుక్క కనిపించగానే క్రేయాన్ ఎత్తను. చూపు పైకి కొట్టి, దించి, ఆపుతాను. బెల్ట్‌తో పాటు బుద్ధిగా సాగిపోయేది టైల్‌ది. నా చూపుతో పాటు ఎగిరి, నేను ఆగాక కూడా ఊగుతూ కిందికి జారేది నాది. కదిలే తీరులోనే ఉంది తేడా అంతా. ఇప్పుడు ఆలోచించకుండానే వస్తోంది, రెప్ప వేసినట్టు.

ఈ వారం నా రిజెక్ట్ దొంతరలో మంచి టైల్ ఒక్కటీ లేదు. బాబాయి వెతికాడు. నేను చూస్తుండగానే వెతికాడు. దొరకలేదు. అన్నీ ఆమడ దూరం నుంచి కనిపించే పగుళ్ళే. మెచ్చుకోమని నేనడగలేదు. ఈగలమ్మ అనడం మానేస్తే చాలనుకున్నాను. ఏంటి ఈగలమ్మా, ఇవాళ ఈగలకి సెలవా అని వెళ్ళిపోయాడు.

జూన్ 28

ఒకటి గమనించాను. బాబాయి ఫోన్‌ని చెయ్యి బారుగా చాపి చదువుతాడు. మందు సీసా మీద రాసింది పిన్ని చదివి పెడుతుంది. కళ్ళద్దాలు పెట్టుకోవయ్యా అంటే, నేనేం ముసలాణ్ణా అని కసురుకున్నాడు. దగ్గరివి ఆయనకి ఆనవు. నన్ను ఈగలమ్మ అంటున్న మనిషికి ఈగ ముక్కు మీద వాలినా కనబడదు.

జూలై 2

ఇవాళ వచ్చినవి నావి కావు.

కొత్తగా కడుతున్న పెద్ద ఆస్పత్రి కారిడార్ల కోసం ఆర్డర్. అన్నీ తెల్లవి, అన్నీ ఫస్టే కావాలి, అన్నీ అర్జెంటే. పొద్దున్న మొదటి టైల్ మీదే నల్ల చుక్క, ఆవగింజలో సగం. చూపు పైకి కొట్టి దించాను. కదల్లేదు. తర్వాతి టైల్ మీద రెండు చోట్ల. కదల్లేదు. కొలిమికి వెళ్ళకముందు టైల్ మీద పోసే పూత జల్లెడలోంచి దిగుతుంది. జల్లెడ చిరిగితే ఇనప రజను పూతలో పడి, కాలాక నల్లగా తేలుతుంది. మూడేళ్ళ కెమిస్ట్రీ మొదటిసారి ఎందుకైనా పనికొచ్చింది.

ఇంటూలు కొట్టుకుంటూ పోయాను. బాబాయి పరిగెత్తుకొచ్చాడు. జల్లెడ చూడమని చెప్పండి సార్ అన్నాను. టైల్ అందుకుని, చెయ్యి చాపి, వెనక్కి వంగి, ఇటు తిప్పి అటు తిప్పి చూశాడు. ఆయనకి తెల్లటి టైల్ కనిపించింది. నీ కంట్లో ఈగలు నా టైల్స్ మీద గుడ్లు పెడుతున్నాయా అన్నాడు. గుడ్డతో నా ఇంటూలన్నీ తుడిచి, ఫస్ట్‌లోకి తోసేశాడు.

జూలై 3

మళ్ళీ చెప్పాను. ఒక్కసారి కాదు, గొంతు చించుకుని చెప్పాను. మెషిన్ల హోరులో అందరికీ వినపడేలా ఆయన ఇంకా గట్టిగా అరిచాడు. ఇకమీదట చుక్క అన్న మాట నీ నోట వినపడితే గేటు బయటే ఉంటావ్, ఆర్డర్ అయ్యేదాకా నీ చెయ్యి క్రేయాన్ మీదికి పోకూడదు, అన్నీ ఫస్టే. ఎవరో వెనకనుంచి ఈగల మందు కొట్టండి సార్ అన్నారు. మళ్ళీ నవ్వులు.

సరే సార్ అన్నాను. ఎంత మర్యాదగా అన్నానంటే నా గొంతు విని నాకే ముచ్చటేసింది.

జూలై 5

చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అన్నీ వదిలేశాను. చుక్క ఉన్న ప్రతి టైల్‌నీ చూశాను, ఒక్కటీ నా కన్ను దాటి పోలేదు. ఒక్కొక్కదాన్నీ పిల్లని కాపురానికి పంపినట్టు చివరిదాకా చూసి సాగనంపాను. దారం, కప్పగుడ్డు, వేలిముద్ర కూడా వచ్చి కూర్చున్నాయి చూడటానికి. వచ్చాక మొదటిసారి వాటి మీద కోపం రాలేదు.

ప్యాకింగ్ అక్క పెట్టెలో సర్దుతూ ఒక టైల్‌ని గోటితో గీకింది. మళ్ళీ గీకింది. దగ్గరికొచ్చి చెవిలో, ఏమే, ఇవి నిజంగా చుక్కలేనే అంది. అవి నా కంట్లోవి అక్కా అన్నాను. వెళ్ళి మళ్ళీ ప్యాక్ చేసుకుంది.

కడుపులో ఎంత చల్లగా ఉందో.

జూలై 6

జల్లెడ ఉన్న పూత గది లైన్ పక్కనే. వెళ్ళి ఒక మాట చెప్పొచ్చు. వెళ్ళలేదు.

జూలై 24, మధ్యాహ్నం

లారీ తిరిగొచ్చింది. దాని వెనక ఇంకోటి. ఆస్పత్రిలో ఒక కారిడార్ మొత్తం పరిచేశాక లైట్లు వేసి చూశారట. తెల్లటి నేల మీద మిరియాల పొడి చల్లినట్టుందట. ఆస్పత్రివాళ్ళు మేనేజర్‌ని ఫోన్‌లో ఏమన్నారో తెలీదు కానీ ఆయన చెవులు ఎర్రగా ఉన్నాయి. జల్లెడ విప్పించాడు. చెయ్యి దూరేంత చిరుగు. పూత గదివాళ్ళని పొద్దుటినుంచీ నిలబెట్టి వాయించాడు. తర్వాత వంతు మాది. ఇన్ని పోతుంటే సార్టింగ్‌లో కూర్చున్నదెవరు, ఇన్‌ఛార్జ్ ఎవరు, ఎల్లుండి పదింటికి ఇద్దరూ నా గదిలో ఉండాలి అన్నాడు.

ఈగలమ్మా అని ఇవాళ ఒక్కరూ పిలవలేదు.

జూలై 24, సాయంత్రం

బాబాయి మా వాటాలోకి వచ్చాడు. పెరటి వైపున్న ఈ రెండు గదుల్లోకి ఆయన రావడం నేనెరగను. కావలసిందుంటే గోడ అవతలనుంచి కేకేస్తాడు. మంచం అంచున కూర్చుని నీలం దుప్పటి కేసి చూసి, కళ్ళెలా ఉన్నాయమ్మా అన్నాడు. అమ్మా అన్నాడు! ఆ ఫ్లోటర్స్ అంటే ఏమిటి, బాగా అడ్డం పడతాయా, డాక్టర్ రాసిచ్చిన కాగితమేదైనా ఉందా అన్నాడు.

ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమై, కుర్చీలో కాస్త వెనక్కి వాలాను. బాగా విందామని.

చుక్కలు నాకు కనపడలేదని చెప్పాలట. కళ్ళు బాగాలేవని, సార్‌కి చెప్పకుండా దాచానని చెప్పాలట. జాలిపడి వదిలేస్తారట. ఇంక లైన్ మీద నీకెందుకమ్మా, ల్యాబ్‌లో వేయించే పూచీ నాది అన్నాడు. పిన్ని గుమ్మంలో నిలబడి అందుకుంది. నీదేముందే, ఇవాళ కాకపోతే రేపు పెళ్ళై పోయేదానివి, ఆయన ఇంత వయసొచ్చాక ఎవరి గుమ్మం ఎక్కుతాడు అంది. వెళ్తూ వెళ్తూ, మీరుంటున్న ఈ గదులు కూడా ఆయన ఉద్యోగం మీదే నిలబడ్డాయి, గుర్తుపెట్టుకో అంది.

అమ్మ నా భుజం మీద చెయ్యి వేసింది. చెప్పవే, చిన్న మాటే కదా, నీ కళ్ళు బాగాలేని మాట నిజమేగా అంది.

నిజమేనట. జూన్‌లో అబద్ధం. జూలైకి నిజం.

జూలై 25

అమ్మ పొద్దుటినుంచీ నా వెనకే తిరిగింది. మనకి వేరే దిక్కెవరే అంది. నాన్న పోయిన రోజు ఈ ఇంటి తలుపే తెరుచుకుందంది. ఒక్కగానొక్క చెల్లెలు మొహం చూడకుండా చేస్తావా అంది. నేను బట్టలు మడతపెడుతున్నాను.

మధ్యలో ఆగి, నా ఎదురుగా కూర్చుని, నా కళ్ళలోకి చూసింది. ఇన్నాళ్ళలో మొదటిసారి. ఇప్పుడు కూడా కనిపిస్తున్నాయా అంది. నీ చీర మీద ఉన్నాయి, దారం నీ మెడ దగ్గరుంది అన్నాను. ఈసారి తడుముకోలేదు. నొప్పి పుడుతుందా అంది. లేదన్నాను. నా జుట్టు చెవి వెనక్కి సర్దింది.

అయినా సరే చెప్పవే, నాకోసం, అంది.

ఆ చివరి మాట లేకపోతే చెప్పేదాన్నేమో.

జూలై 26, ఉదయం

పదింటికి నా చూపు బాగానే ఉందని చెప్తాను. చుక్కలు చూశాను, చెప్పాను, సార్ తుడిచేశారు, ఆ తర్వాత చూస్తూ చూస్తూ వదిలేశాను అని చెప్తాను. నమ్మకపోతే ఆయన్నీ నన్నూ లైన్ మీద పక్కపక్కన కూర్చోబెట్టి చూసుకోమంటాను.

సామాన్లు కట్టమని అమ్మకి చెప్పేశాను.