పోలీసులు విన్న మాట

2008 మార్చి, మంగళవారం

మన మిరపకాయలు గుంటూరు యార్డుకి తోలే లారీలో గంజాయి దొరికిందట. డ్రైవరు నాకు ఫోన్ చేసేవాడు కాబట్టి నా ఫోన్ కూడా కొన్నాళ్లుగా వింటున్నారట. పొద్దున స్టేషనుకి రమ్మన్నారు. భయపడతానని మా ఆవిడ కోటమ్మ కూడా వెంట వచ్చింది.

"నీ తప్పేం లేదులే పెద్దాయనా, ఇంటికెళ్లు," అన్నాడు ఎస్సై. హమ్మయ్య అని లేచాను. గుమ్మం దగ్గర కానిస్టేబుల్ ఆపాడు. పాపం, మంచిగానే అడిగాడు.

"మూత్రంలో రక్తం పడతందని మీ చెల్లెలితో అన్నావుగా. డాక్టరుకి చూపించుకున్నావా?"

కోటమ్మ నా వంక చూసింది. తనకి తెలియకూడదనే చేలోకి పోయి మరీ చెల్లెలికి ఫోన్లో చెప్పుకున్నాను.

బస్సులో ఒక్క మాటే అంది. "పోలీసోళ్ల తర్వాతా నేను?"

ఇందాక చెల్లెలు ఫోన్ చేసింది.

"పరీక్షకి ఎప్పుడెళ్తన్నావు అన్నయ్యా?"

"బాగానే ఉన్నానమ్మా. కాయ ఎండుతోంది."

"ఏంది, పరాయోళ్లతో మాట్లాడినట్టు?"

పెట్టేశాను. ఇంకా వింటున్నారో లేదో నాకేం తెలుసు. ఎవరిని అడగాలి?

కోటమ్మ ఆ ఫోన్ తీసుకెళ్లి బియ్యం డబ్బాలో పెట్టి మూత బిగించింది. తర్వాత వచ్చి నా పక్కన కూర్చుని, చెవిలో అడిగింది.

"ఎన్నాళ్ల నుంచి?"