ప్రళయం నోట్‌బుక్

2012 డిసెంబర్ 11

దిల్‌సుఖ్‌నగర్‌లో మా డీటీపీ షాపుకు ఇవాళ కొత్త పని వచ్చింది. మౌలానా కలీముద్దీన్ గారు ఖియామత్ గురించి, అంటే ప్రళయం గురించి, తెలుగులో రాసిన నోట్‌బుక్. పేజీకి ఒక సూచన, కింద పండితుల వ్యాఖ్యానం. పేజీ నంబర్లు లేవు. తెరవగానే కనబడిన సూచన: సూర్యుడు పడమట ఉదయిస్తాడు! టైప్ చేస్తుంటే చేతులు ఆగలేదు.

డిసెంబర్ 13

ఈసా నబీ తిరిగొస్తారట. మన యేసే! వీళ్లూ ఎదురుచూస్తున్నారని నాకు ఇన్నాళ్లూ తెలియదు. ఉండబట్టలేక, పడమటి సూర్యుడి పేజీతో సహా ప్రింట్ తీసి అమ్మకు చదివాను.

ఇంకోటి. గొర్రెల కాపరులు పోటీలుపడి మేడలు కడతారట. అవి ఇప్పటి బిల్డింగులే అని కొందరు పండితులు, అధికారం చేతులు మారడమని ఇంకొందరు. అమ్మ ఎల్బీ నగర్ అపార్ట్‌మెంట్లు తలుచుకుని స్తోత్రం, స్తోత్రం అంది.

డిసెంబర్ 15

కొంప ముంచాను. 21న యుగాంతమని టీవీలో ఒకటే మోత. అమ్మ కంటి ఆపరేషన్ కూడా 21నే. టీవీకి నా ప్రింట్లు తోడయ్యాయి. గా దినం కంటికి పట్టీ కట్టుకుంటె ప్రభువునెట్ల చూస్తనే, నేను రాను అని మొండికేసింది. అమ్మకు ఒక కన్ను ఎప్పుడో పోయింది. ఈ డేట్ తప్పితే దవాఖానాలో మళ్లీ మూడు నెలలు. అంత ఆలస్యమైతే చూపు దక్కదన్నారు డాక్టరు. నాకు భయంగా ఉంది.

డిసెంబర్ 17

బైండింగ్ చేసే అంతయ్యకు చెప్పుకుని ఏడ్చాను. తెలంగాణ రాకుండ ప్రళయమెట్లొస్తదే పిల్లా, 28న ఢిల్లీల మీటింగున్నది అన్నాడు. ఏడుస్తూనే నవ్వాను.

డిసెంబర్ 19, సాయంత్రం 5

మౌలానా ప్రూఫులు చూడడానికి వచ్చారు. చూసి పకపకా నవ్వారు. ఉర్దూ అలవాటు కొద్దీ నోట్‌బుక్‌ను వెనక అట్ట వైపు నుంచి రాశారట! నేనేమో ఆయన ముగించిన చోట మొదలుపెట్టాను. నేనింకా చేరని ఆఖరి పేజీయే ఆయన మొదటి పేజీ.

అందులో ఉంది. ఆ గడియ అల్లాహ్‌కు తప్ప ఎవరికీ తెలియదు, తేదీ చెప్పే హక్కు ఎవరికీ లేదు. దాని కింద ప్రవక్త మాట: చేతిలో మొక్క ఉండగా ప్రళయం వచ్చినా, వీలైతే నాటెయ్యి.

ఆ పేజీ జిరాక్స్ తీసుకుని బస్సుకు పరుగెత్తాను.

7 గంటలు

అమ్మ రెండుసార్లు చదివించుకుంది. గా గడియ ఎవ్వనికెరుక లేదని మన పాస్టరు చదివేది గూడ గిదే గదనే అంది. మొక్క నాటుమన్నడు గద, కన్ను చేయించుకుంట పా అంది.

గంతులేశాను!

డిసెంబర్ 21

ఆపరేషన్ అయింది. లోకం ఉంది.

డిసెంబర్ 22, ఉదయం 7:30

పట్టీ విప్పారు. అమ్మ కిటికీలోని ఎండను చాలాసేపు చూసింది. గిటు తూర్పేనా బిడ్డా అని అడిగింది.

తూర్పే.