నా గిన్నెలో కాళ్ళ రసం

ఆదివారం రాత్రి, బచ్చన్నపేట

షుగర్ వచ్చిందని తెలిసినప్పటి నుంచి, నాలుగు నెలలుగా, మాంసం, పాలు, నెయ్యి ముట్టలేదు. ఉలవలు ఉడికించి, మునగాకు వేసి సూప్ చేసుకుంటున్నాను. టీవీ ఆపేసి, ఒక్కో గుక్క రుచి చూస్తూ మెల్లగా తాగుతాను. అందుకే ఈరోజు మొదటి గుక్కకే నాలుకకు కొవ్వు తగిలింది.

ఇందులో ఏం కలిపారని అడిగితే, నెల్లికుదురు నుంచి వచ్చిన మా ఆడబిడ్డ విజయ తల దించుకుంది. నేను బట్టలు ఆరేస్తున్నప్పుడు, తనకూ మా ఆయనకూ వండిన మేక కాళ్ళ రసం రెండు గరిటెలు నా గిన్నెలో పోసిందట.

"చిక్కిపోయినవ్ వదినె. ఉలవలు ఎడ్లకు పెడ్తరు. మనిషి గవే తాగి ఎట్ల బతుకుతది? నీ మంచికే పోసిన."

"మీ నాయిన చెల్క దున్నింది గా ఎడ్లతోనే గద విజయా. వాటికి సత్తువ ఏడికెళ్లి వచ్చింది?"

మా ఆయన నవ్వబోయి ఆగిపోయాడు.

ఆ సూప్ పారబోయలేదు. విజయ ముందు పెట్టి తాగమన్నాను. నేను మక్కకంకి ఒకటి కాల్చుకుని తిన్నాను.

ప్రేమతోనే పోసిందని తెలుసు. నేను బాలింతగా ఉన్నప్పుడు అదే రసం తాగించి నన్ను లేపి నిలబెట్టింది ఆమే. అయినా, ప్రేమ ఉంటే అడగక్కర్లేదా...

షుగర్ తగ్గిందో లేదో వచ్చే పరీక్షలో తెలుస్తుంది. తగ్గకపోయినా, నా నోట్లోకి ఏం పోవాలో నేనే చెప్తాను.

రేపటికి ఉలవలు నానబోశాను. ఆ గిన్నె వంటింట్లో లేదు, నా మంచం మీదే ఉంది. దాని మూత మీద డైరీ పెట్టుకుని ఇది రాస్తున్నాను.