షాహీన్‌కు జోడీ

జూన్ 9, సోమవారం
అల్వాల్ నుంచి పద్మారావు నగర్ దాకా నిలబడే వచ్చాను. పుస్తకం తెరిచే సందు లేదు. జర్మన్ మాటలు గొణుక్కుంటుంటే పక్కనామె కొంచెం జరిగింది.
జర్మన్ క్లాసులో మేడం కట్టడి — ఒకే భాషవాళ్లు ఒక బెంచీ మీద కూర్చోవద్దు. అందుకే నా పక్కన ఉర్దూ మాట్లాడే షాహీన్. ముందు బెంచీలో తమిళ సెల్వి. అందరం ఇంటర్ పాసైనవాళ్లమే. అందరికీ జర్మనీలో నర్సు ట్రైనింగే కావాలి. నన్ను చేర్పించింది చిన్నమ్మ. ఊరి నుంచి వచ్చి ఆమె ఇంట్లోనే ఉంటున్నాను.

జూన్ 11
టీ దగ్గర సెల్వి — "మా తాత మిలిటరీ వాళ్ల వెంట ఇక్కడికొచ్చిండు. మాకు పోవుడు అలవాటే."
షాహీన్ — "మా భాయ్ దుబాయ్ పోతనంటే దావత్. నేను పోతనంటే పంచాయితీ."
నన్ను అడిగారు. పోతా అన్నాను. ఎవరూ మళ్లీ అడగలేదు.

జూన్ 13
షాహీన్ వాళ్ల నాన్న ఒప్పుకున్నాడు. షరతు ఒకటే. నేను కూడా అదే ఊరికి, అదే ట్రైనింగ్‌కు పోవాలి.
"ఒక్కదాన్ని పంపడంట. నువ్వుంటే సరేనంట. బచ్ గయే యార్, బతికిపోయినం!"
భుజం మీద చరిచింది. ఇంకా మండుతోంది.

జూన్ 14
చిన్నమ్మ — "ఏందే లావణ్యా, ముఖం గట్ల పెట్టినవ్?"
ఏం లేదన్నాను.

జూన్ 16
మాట్లాడే పరీక్షకు సాధన. మేడం చీటీలు తీయించింది. జోడీలో ఒకరు వెళ్లాలని వాదించాలి, ఒకరు ఇక్కడే ఉండాలని. షాహీన్‌కు వెళ్లాలనే చీటీ వచ్చింది. నాకు ఉండాలనేది.
నాకు వచ్చిన జర్మన్ తక్కువ. అబద్ధం ఆడాలంటే ఇంకా చాలా మాటలు కావాలి. ఉన్నవాటితోనే చెప్పాను. మా ఊళ్లో బర్రెలు ఉన్నాయి. పశువుల డాక్టరు లేడు. ఒకసారి బర్రె కడుపులో దూడ అడ్డం తిరిగింది. నేను చెయ్యి పెట్టి సర్ది తీశాను. బతికింది. నాకు ఆ పని ఇష్టం. పశువైద్యం డిప్లొమా చదవాలి. మనుషుల ఆసుపత్రి ఇష్టం లేదు...
మేడం చప్పట్లు కొట్టింది. "నిజంగానే ఉండిపోయేట్టు చెప్పావు!"
షాహీన్ కొట్టలేదు. నన్నే చూస్తూ కూర్చుంది.

జూన్ 17
షాహీన్ రాలేదు. బస్టాపులో సెల్వి — "నిన్నటిది యాక్టింగేనా?" బస్సొస్తే ఎక్కేశాను. మా బస్సు కాదు. మల్కాజ్‌గిరిలో దిగి ఇంకోటి పట్టుకున్నాను.

జూన్ 18
షాహీన్ వచ్చింది. నా పక్కనే కూర్చుంది. స్టీలు డబ్బా జరిపింది — "అమ్మీ సేమియా పంపింది. తిను."
తింటుంటే, నెమ్మదిగా —
"సచ్ చెప్పు. వస్తవా, రావా? నువ్వు రాకుంటే, దుబాయ్ పోయిన భాయ్ దుకాణంల ఫోన్లకు గ్లాసులు అతికించుకుంట కూసోవాలె నేను."
మింగి చెప్తానన్నట్టు చెయ్యి చూపించాను. మింగడం అయిపోయింది. మేడం వచ్చేసింది.

జూన్ 20
రేపు మేడంకు జర్మనీ పోయేవాళ్ల పేర్లు చెప్పాలి.
సాయంత్రం షాహీన్ వాళ్ల అమ్మ ఫోన్. "నువ్వు తోడున్నవ్ గద బేటీ, ఇగ నాకు ఫికర్ లేదు." జీ ఆంటీ అన్నాను.
షాహీన్ ఇచ్చిన సేమియా డబ్బా కడిగాను. ఖాళీ డబ్బా తిరిగి ఇవ్వొద్దంటుంది చిన్నమ్మ. వాళ్లింట్లో కూడా అంతేనట.
"ఏం లేకుంటే జెర చక్కెరన్న పోసియ్యి" అంటోంది.
చక్కెర పోసిస్తే వాళ్లింట్లో అందరి నోళ్లూ తీపి చేస్తారు. ఇద్దరం పోతున్నామనే అనుకుంటారు.
డబ్బా ఇంకా వంటింటి గట్టు మీద బోర్లించే ఉంది.