కుందేటి కొమ్ములకు కడుగు నీళ్లు

నిడదవోలు,
12-9-1998.

శ్రీవారికి,

వీరవేణి నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ అత్తయ్యగారు, నేను, ఈమధ్యే ఈనిన గేదె, దూడ అందరం బాగున్నాం. ఆ ఒరిస్సా ఉప్పుగాలిలో మీరూ బాగున్నారని తలుస్తాను.

అత్తయ్యగారి మోకాలి నొప్పి తగ్గిందా అని అడిగారు. తగ్గింది. మళ్లీ కాలవకు తనే వెళ్తున్నారు. కుందేటి కొమ్ములు పూశాయా అని కూడా అడిగారు. దానికే ఇన్నాళ్లూ జవాబు రాయలేకపోయాను.

మొక్క పోయిందండి. కుళ్లిపోయింది.

పెళ్లయిన కొత్తలో మా పుట్టింటికి తుని వెళ్లినప్పుడు మీతో నేను మొదట ఆడిన మాట దాని గురించే. ఆకుల్లేని ఆ నాలుగు పలకల కాడలు కొండ మీద బండల సందులోంచి లేచి, వానలకు ఊదారంగు పూలు పూస్తాయని చెప్పాను. మర్నాడు మీరే కొండెక్కి, మోచేయి గీరుకుని, వేళ్లతో సహా తెచ్చారు.

దానికి రాయీ ఎండా కావాలి. నీళ్లు ఎప్పుడో గుక్కెడు చాలు. అది నాకు తెలుసు. కానీ అత్తయ్యగారు రోజూ బియ్యం కడిగిన నీళ్లు పోసేవారు, పెంట కూడా వేశారు. "పుట్టింటి మొక్క, ఎండిపోతే పిల్ల బెంగెట్టుకుంటాది" అని పక్కింటావిడతో అంటుంటే విన్నాను. అంత ప్రేమగా పోసే చెయ్యి ఎలా పట్టుకోను? కాడలు నిగనిగలాడుతూ ఉబ్బాయి. తర్వాత మొదలు దగ్గర మెత్తబడి ఒక్కొక్కటే వాలిపోయాయి.

నేను ఏడుస్తుంటే అత్తయ్యగారు చూశారు.

"నీళ్లెక్కువైతే చచ్చిపోద్దని నీకు ముందే తెలుసా?"

అవునని తల ఊపాను.

"నీ మొహమాటం తగలెయ్యా! నేనేమన్నా పులినా? ఒక్క మాటంటే బతికేది గదే!" అని తిట్టి, ఆవిడా కళ్లు తుడుచుకున్నారు.

ఒక్క కాడ కొస కుళ్లలేదు. కోసి, గాయం ఆరేదాకా నీడలో ఉంచాను. మన ఊళ్లో రాయెక్కడిది? అత్తయ్యగారే రైలు పట్టాల వైపు వెళ్లి కంకర కొంగులో మూటగట్టుకొచ్చారు. "గ్యాంగుమేను కేకలేశాడే. మా కోడలికి మందులే బాబూ అన్నాను" అని నవ్వారు. పగిలిన కుండలో కంకర, కాస్త ఇసుక పోసి నాటి, వాన పడకుండా చూరు కింద పెట్టాను. వేరు పట్టిందో లేదో ఇంకా తెలియదు.

ఇక మీరు చివర్లో అడిగింది. రొయ్యల చెరువుల ఆసామి ఇంకో రెండేళ్లు ఉండమంటున్నాడు, నీ ఉద్దేశం ఏమిటి అన్నారు. నిరుడు బస్సెక్కేటప్పుడూ "వెళ్లనా?" అని అడిగారు. నేను నేల చూశాను. ఇష్టమేననుకున్నారు మీరు.

ఇష్టం లేదండి. అప్పుడూ లేదు.

ఒప్పుకోకండి. వచ్చేయండి.

ఇట్లు,
వీధి గుమ్మం వైపే చూస్తుండే
మీ భార్య,
వీరవేణి