పచ్చికట్టె ఓడ

తమ్ముడు మస్తానుకు అన్న హుసేను సలాం చెప్పి రాసేది. అమ్మ మోకాళ్ల నొప్పులు ఎట్లుండాయి? ఇంట్లో అందరూ బాగుండారని తలుస్తా. నేను బాగుండా, దిగులుపడొద్దండి. ఫోన్ చేస్తే అమ్మ స్పీకర్ పెట్టి వీధంతా వినిపిస్తాది. అందుకే సెలవు మీద వస్తాండే మనిషి చేతికి ఈ కాగితం ఇచ్చినా.

ఈ సౌదీలో, యాన్బులో ఎండ ఇంకా తగ్గలేదు. సముద్రం పక్కనే ఉన్నా రొంత గాలన్నా లేదు. ఓడ పని అయిపోతే ఇంటికి పంపిస్తానని నాకు వీసా ఇచ్చి పనికి పెట్టుకున్న కఫీల్ మాటిచ్చినాడని చెప్పినా కదా, ఆ ఓడ సంగతి విను. పాతకాలంలో కట్టెతో చేసి, ఆవిరితో నడిపిన యుద్ధం ఓడ అది. అట్లాంటిదే ఒకటి గట్టు మీద చేయమన్నారు, జనం ఎక్కి చూసేదానికి. అసలుదాని కత వింటే నవ్వొస్తాదిరా. రాజుకు తొందరంట, పచ్చికట్టెతోనే కట్టించినాడు. బ్యాండు మేళంతో నీళ్లలోకి దించినారు. ఒక్క శత్రువు మీదన్నా ఫిరంగి పేల్చలేదు, మూడేండ్లకే అడుగు పుచ్చిపోయింది. పగలగొట్టి, ఆ కట్టెనే తర్వాత వచ్చిన ఓడ బాయిలర్లో వేసి కాల్చినారంట. మా మేనేజరు ఇది చెప్పి పడీపడీ నవ్వినాడు.

మేం చేసింది అంతకాలం కూడా బతకలేదు. ఓపెనింగ్‌కు పెద్దలొచ్చి ఫోటోలు దిగిపోయినారు. నెల తిరక్కుండానే, ఆ జాగాలో హోటలు వస్తాది, కూల్చండి అన్నారు. కట్టినోళ్లే కూల్చాల. నా పక్కన పనిచేసే పాకిస్తానాయన కరీం చాచా, ఓడ ముక్కున గుర్రం తల చెక్కినాడు, శానా ముచ్చటగా. గొడ్డలి ఆయన చేతికే ఇచ్చి "జల్దీ కరో" అని గద్దించినారు. ముసలాయన కొడతా ఏడ్చినాడు. మేము నవ్వినాం. ఈడ నవ్వకపోతే బతకలేం.

ఇంక పంపించు అని కఫీల్‌ను అడిగినా. కొండల మీద ఖమీస్ ముషైత్ అనే ఊర్లో పెండ్లి హాలు పనుందంట. "నీ మాదిరి వడ్రంగిని ఒకణ్ణి తెచ్చిపెట్టు. వాడు దిగినాక నువ్వు విమానం ఎక్కు" అన్నాడు.

ఏడాదినుంచి "అన్నా, నన్ను పిలిపించు" అని నా పానం తీస్తాండావు. వద్దురా, వద్దురా అంటానే వచ్చినా. ఈసారి నీ పేరు చెప్పినా. నువ్వు పంపిన పాస్‌పోర్టు కాపీ ఇచ్చేసినా. వీసా వస్తాది. ఖమీస్‌లో చలి, దుప్పటి తెచ్చుకో. ఉలి, చిత్రిక నీవే తెచ్చుకో, ఈడివి మొద్దువి. అన్న తోడుంటాడని మాత్రం రావద్దు. నేనుండను. తిట్టు, పడతా. నాకు ఇంటికి రావాల, అంతే.

పెద్దమ్మకు, మామకు నా సలాం. అమ్మను ఇద్దరి కోసం దువా చేయమను. నీ బిడ్డకు పెదనాయన వస్తాండాడని చెప్పు. నాయన పోతాండాడని ఇప్పుడే చెప్పొద్దు.

నీ మేలు కోరే అన్న అని రాయబోతే చెయ్యి రాలేదు.

హుసేను