రెండు గదుల మధ్య తిరిగిన పిల్లవాడికి

కాలిపోయిన మోటార్లకు కొత్త రాగితీగ చుట్టి, అంటే వైండింగ్ చేసి, బతికినవాణ్ణి. బడిలో చదివింది తక్కువే అయినా రోజువారీ లెక్క నేనే రాసుకునేవాణ్ణి కనుక దీన్నీ నా చేత్తోనే రాస్తున్నాను. వయసు డెబ్బై రెండు. సోమవారం గుండె ఆపరేషన్. మతి స్థిమితంగా ఉంది. భయం ఉంది కానీ ఎవరి ఒత్తిడీ లేదు. ఇంతకు ముందు ఏ వీలునామా రాయలేదు. కింది ఆస్తి అంతా నా స్వార్జితం.

నా మనవడు వచ్చే నెల బాలల గృహం నుంచి బయటికి వస్తాడు. అప్పటికి నేను ఉంటానో ఉండనో. వాడు మళ్ళీ పాత దారిలో పడతాడేమోనన్నదే నా దిగులు.

1. ఇల్లు నా తదనంతరం నా కొడుక్కీ కోడలికీ సమాన హక్కులతో చెందాలి. దీనికి ఒక షరతు ఉంది, అది మూడో అంశంలో రాశాను.

వాళ్ళిద్దరూ ఒకే ఇంట్లో చెరో గదిలో ఉంటూ మాట్లాడుకోవడం మానేసి ఏళ్ళు గడిచాయి. తిట్టుకోరు, కొట్టుకోరు. చూసేవాళ్ళకు ముచ్చటైన సంసారం. ఏం చెప్పుకోవాలన్నా పిల్లవాడి నోటి మీదుగానే. "మీ నాన్నకి చెప్పు, గ్యాస్ అయిపోయిందని." "మీ అమ్మకి చెప్పు, నా దగ్గర డబ్బులేం చెట్లకి కాయట్లేదని." వాడు గుమ్మం దాటేలోపు ఆ మాటలో ముల్లు తీసేసి, "నాన్న సాయంత్రం చూస్తానన్నాడమ్మా" అనేవాడు. పాలపళ్ళు ఊడే వయసు నుంచి ఆ ఇంటి శాంతి వాడి నెత్తిన పడింది. ఎవరికి ఎంత చెప్పాలో తెలిసినవాడు, ఎందుకని ఎదురడగనివాడు. అలాంటి పిల్లవాడి కోసమే మా వీధిలో ఒకడు కాచుకుని ఉన్నాడు.

2. నా వైండింగ్ షాపును పక్క కొట్టువాడికి, అంటే పాత సామాన్లు కొనే, వీధి పిల్లలు "మామ" అని పిలిచే మనిషికి, అమ్మకూడదు, అద్దెకూ ఇవ్వకూడదు. అతని తరఫున ఎవరు వచ్చినా అంతే. "పెద్దాయనా, మీ తర్వాత ఈ షాపు నాకే రాసెయ్యండి, పక్కపక్కనే ఉన్నాంగా" అని నవ్వుతూ అడిగిన మనిషి అతను.

పిల్లలు ఆడుకునే స్థలంలో గోదాం లేచాక వీధిలో వాళ్ళకు నీడ దొరికేది అతని కొట్లోనే. ఫ్యాను, చల్లటి నీళ్ళు, "ఏం అల్లుడూ, తిన్నావా?" అనే పలకరింపు. ఆ ఫ్యానుకు వైండింగ్ చేసింది నేనే, ఇంకా బాగానే తిరుగుతోంది. నా మనవణ్ణి మొదట టీ తెమ్మన్నాడు. తర్వాత ఒక సంచీ ఫలానా చోట ఇచ్చి రమ్మన్నాడు. అందులో ఉన్నది, కడుతున్న ఇళ్ళలో దొంగిలించిన రాగితీగ.

పూత కాల్చిన తీగ వాసన నాకు కొత్త కాదు. వాడి చొక్కాకు ఆ వాసన ఉంటే అడిగాను. "నీ షాపులో కూర్చున్నా కదా తాతా, నీ వాసనే" అన్నాడు. ఏ మాట వింటే ఎవరికి నిద్ర పడుతుందో వాడికి తెలుసు. పోలీసులకు పట్టుబడి బాలల గృహానికి వెళ్ళాక కూడా సంచీ ఎవరిదో చెప్పనే లేదు. మామ మాత్రం "పాపం, పెంపకం అలాంటిది" అని వీధంతా చాటాడు. అందులో సగం నిజం ఉంది. నన్ను కాల్చేది ఆ సగమే.

కాబట్టి షాపును మా వీధిలో మందుల షాపు నడిపే ఆవిడ అజమాయిషీలో ఉంచుతున్నాను. ఈ వీలునామా అమలు చేసేదీ ఆవిడే. వెనక గది అద్దెతో ముందు గది నడవాలి. అక్కడ బల్లలు, ఫ్యాను, నీళ్ళు ఉండాలి. బడి వదిలాక వీధి పిల్లలు ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. వాళ్ళను ఏ పని మీదా పంపకూడదు, టీకి కూడా.

3. కొడుకూ కోడలూ బాలల గృహానికి వేరువేరు రోజుల్లో వెళ్తున్నారు. వెళ్ళి, "మీ అమ్మ ఏమంది?", "మీ నాన్న వచ్చాడా?" అని వాణ్ణే అడుగుతున్నారు. అక్కడ కూడా వాడికి అదే ఉద్యోగం. వాడు విడుదలయ్యే రోజు ఇద్దరూ కలిసి వెళ్ళి, కలిసి తీసుకురావాలి. అలా జరగకపోతే ఇల్లు మనవడికి చెందుతుంది. వాడు పెద్దవాడయ్యేదాకా నా చెల్లెలు సంరక్షకురాలుగా ఉండి, వాణ్ణి తన దగ్గర పెట్టుకోవాలి.

4. ఆ చెల్లెలికి కుట్టుమిషను, దానికి నేను బిగించిన మోటారు. "అన్నయ్యా, నీ మొహం మూసిన షట్టరులా ఉంటుంది" అనేది. నిజమే. దాని ఇంట్లో అందరూ అరుచుకుంటారు, కానీ ఎవరి మాట వాళ్ళే, మొహం మీదే అంటారు. ఆ గోల మధ్య నా మనవడు హాయిగా నిద్రపోవడం చూశాను.

5. మనవడికి నా పనిముట్లు. వైండింగ్ నేర్చుకోవాలన్న బలవంతం లేదు. వాటితోపాటు నా చేతుల కుర్చీ. ఇంట్లో వాడు తీరిగ్గా కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు, గుమ్మంలోనే నిలబడేవాడు. ఏ గదిలో వేసుకుంటాడో వాడిష్టం. కూర్చున్నవాణ్ణి ఎవరూ లేపకూడదు.

6. దీనికి రెండు నకళ్ళు తీయించాను. ఒకటి కొడుక్కి, ఒకటి కోడలికి, ఎవరిది వాళ్ళ చేతికే అందాలి. తమ నకలు చదివి ఎవరూ పిల్లవాడితో "మీ అమ్మకి చెప్పు" అనో, "మీ నాన్నకి చెప్పు" అనో అనకూడదు. ఈ కాగితం వాడి చేతికి ఇచ్చి పంపకూడదు.

పద్నాలుగో తేదీ, శుక్రవారం, షాపులో కూర్చుని.

(సంతకం)

సాక్షులు:
1. ఎదురింటి బస్సు డ్రైవరు.
2. వీధి చివర ఉండే రిటైరైన పోస్టుమాన్. నకళ్ళు రెండూ తానే ఇచ్చి వస్తానన్నారు.